మూతచేటల నోము

మా తాత పేరు రాతి మీద చెక్కిస్తామని చెప్పడానికి మా ఊరి సర్పంచు వనపర్తిలో మా ఇంటికి వచ్చినప్పుడు, నేను అతన్ని కూర్చోమనడం మరిచిపోయాను. అలాంటిది నా వల్ల జరగదు. వచ్చిన మనిషి ఎవరైనా సరే ముందు కుర్చీ, తరవాత మంచినీళ్ళు, ఆ తరవాతే సంగతులు. ఇది మా ఇంటి పద్ధతి. దొరలుగా మేమున్న కోటలాంటి ఇల్లు, గడి, పోయింది. కృష్ణ ఒడ్డు పొలాలు కొన్ని చట్టంలో పోయాయి, కొన్ని కోర్టుల్లో పోయాయి, మిగిలినవి మా నాయన దస్తఖతులతో పోయాయి. గడి ఉన్న చోట ఇప్పుడు ఎవరెవరివో పెళ్ళిళ్ళు జరిగే పెద్ద హాలు ఉంది. దాని ముందు నుంచి బస్సు పోతుంటే నేను కిటికీ వైపు తల తిప్పను. పద్ధతులను మాత్రం ఎవరూ జప్తు చేయలేదు కాబట్టి అవి నా దగ్గరే ఉన్నాయి. అయినా ఆ రోజు అతను గడపలో నిలబడే ఉన్నాడు, నేను చూస్తూనే ఉన్నాను. చివరికి మా కోడలు సుజాత లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

సర్పంచు పేరు మల్లేశు. చిన్న వయసు. వాళ్ళ తాత మా పొలాల్లో పని చేసినవాడు. ఆ మాట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

"పంచాయతి ఆఫీసు ముంగట రాయి పెడ్తున్నం సార్. మన ఊర్ల నిజాం మీద కొట్లాడినోళ్ళ పేర్లు. మొదలు పేరు మీ తాతదే. ఏం చేసిండో ఒక్క ముక్క రాసియ్యిండ్రి, చెక్కెటాయన అడుగుతుండు."

"ఎప్పటి లోపట?"

"వచ్చే ఆదివారం లోపట. ముసుగు మీ నాగర్‌కర్నూలు అత్తమ్మతోని తీపిద్దామనుకుంటున్నం. అప్పటి మనిషి ఆమె ఒక్కతే గద."

ఒక్క ముక్క. ఆ సాయంత్రం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నా సొంత తాత గురించి ఒక ముక్క రాయడం ఎంతసేపు అనుకున్నాను. కలం కదల్లేదు. నాకు తెలిసింది ఇంతే. నిజాం రాజ్యం చివరి రోజుల్లో, ఇండియాలో కలవాలని కొట్లాడినవాళ్ళు కృష్ణకు అవతల గుట్టల్లో దాక్కుని ఉన్నప్పుడు మా తాత వాళ్ళకు సాయం చేశాడు. సర్కారు ఆయన్ని జైల్లో పెట్టింది. ఇండియా సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక విడిచిపెట్టారు. ఊరు ఎదురెళ్ళి దండలు వేసింది. దండల్లో గడ్డం దాకా మునిగిపోయిన తాత ఫొటో ఒకటి ఇప్పటికీ మా గోడ మీద ఉంది. అందులో ఆయన కెమెరా వైపు చూడడు, పక్కకు ఎటో చూస్తుంటాడు. దాన్ని చూపించి మా నాయన, ఆయన తరవాత నేను, ఈ సంగతి ఎందరికో చెప్పాం. సాయమంటే ఏం సాయం అని ఎవరూ అడగలేదు. మేమూ తాతను అడగలేదు. ఆయన ముందు జైలు మాట వస్తే "ఆఁ, పోతిమి, వస్తిమి" అని ఈగను తోలినట్టు చేత్తో తోసేసేవాడు. అది పెద్దమనిషి తరహా అనుకున్నాం. గొప్పలు చెప్పుకోని మనిషి అని దానికి కూడా గర్వపడ్డాం.

రాయడానికి మాట దొరక్క ఆలోచన ఎటెటో పోయి, మా గడిలో శనివారాల దగ్గర ఆగింది. ఎందుకు ఆగిందో అప్పుడు నాకు తెలియదు. శనివారమంటే మా ఇంట్లో మూతచేటల నోము. పొద్దు పొడిచేసరికి వెనక వంటింట్లో జొన్నరొట్టెల చప్పుడు మొదలయ్యేది. పిండి ముద్దను పీట మీద అరచేత్తో తట్టే ఆ చప్పుడు ముందు వాకిలి దాకా వినిపించేది. మామూలు రోజుల్లో రొట్టె మెత్తగా, పెనం మీంచి దించగానే పొంగి, వేడి ఆవిరి చిమ్ముతూ ఉండేది. శనివారం రొట్టె వేరు. పలచగా తట్టి, కాల్చి, మళ్ళీ నిప్పుల పక్కన నిలబెట్టి, అప్పడంలా విరిగేదాకా ఎండబెట్టేవాళ్ళు. ఎన్నాళ్ళున్నా బూజు పట్టని రొట్టె అది. పక్కన కుసుమలు వేయించి, వెల్లుల్లి వేసి దంచే కారప్పొడి. ఆ ఘాటుకు ఇల్లంతా తుమ్ములు. పెరట్లో దండెం మీద పసుపు పేలికలు ఆరుతుండేవి. పాత తెల్ల నూలు చీరను పెద్ద గుండిగలో ఉడకబెట్టి, ఆరేసి, బెత్తెడు వెడల్పున పొడుగ్గా చించి, పసుపు నీళ్ళలో ముంచి తీసేవాళ్ళు. పిల్లలం ఆ పేలికల కింద ఆడుకుంటే తల మీద పసుపు చుక్కలు పడేవి. నోముకు పసుపు గుడ్డ కావాలి, సరే. దాన్ని ముందు ఉడకబెట్టడం దేనికో ఎవరూ అడగలేదు.

రొట్టెలూ పొడీ పేలికలూ ఒక చేటలో సర్ది, మీద ఇంకో చేట బోర్లించి, రెండింటి అంచులనూ పసుపు దారంతో చుట్టూ కుట్టేసేవాళ్ళు. అందుకే మూతచేటల నోము అని పేరు. మా అవ్వ నాంచారమ్మ ఆ చేటలను పరదా కట్టిన ఎడ్లబండిలో పెట్టుకుని బీచుపల్లి ఆంజనేయస్వామి గుడికి పోయేది. మా ఇంటి ఆడవాళ్ళు ఘోషా పాటించేవాళ్ళు, బండి పరదా దాటి బయటి మనిషికి కనబడేవాళ్ళు కాదు. నది ఒడ్డున, అవతలి గట్టు నుంచి పుట్టిలో, అంటే ఆ గుండ్రటి తెప్పలో, దాటి వచ్చిన ఆడమనిషికి కొంగు కప్పి వాయనం ఇచ్చేది. నియమాలు కఠినం. పొయ్యి ముట్టించిన దగ్గర్నుంచి బండి కదిలేదాకా మగవాడి నీడ వంటింటి మీద పడకూడదు. బండి కదిలిన దగ్గర్నుంచి తిరిగి వచ్చేదాకా నోరు విప్పకూడదు. ఎవరైనా ఆపితే నోము అన్న ఒక్క మాట అనవచ్చు. పుచ్చుకున్న మనిషి దాన్ని దారిలో విప్పకూడదు. నియమం తప్పి తెరిచి చూసినవాళ్ళ కళ్ళు పోతాయని నోము కథలో ఉండేది. ఆ కథ చెప్పేటప్పుడు అవ్వ మా కళ్ళలోకే చూసేది.

ఒకసారి మా పురోహితుడు ధైర్యం చేసి అడిగాడు, ఆడవాళ్ళ వాయనాల నోములు గౌరమ్మకో లక్ష్మికో చేస్తారు గాని బ్రహ్మచారి దేవుడైన ఆంజనేయుడికి ఈ నోమేమిటమ్మా అని. అవ్వ తలుపు వెనక నుంచే "ఆయన అడిగిండు, నేను చేస్తున్న. నీకు అడ్డమేంది?" అంది. ఆయన మళ్ళీ అడగలేదు. అంతకంటే వింత ఇంకోటి ఉంది. వాయనమంటే ముత్తయిదువులకే ఇస్తారు. ఈ నోములో విధవలూ పుచ్చుకునేవాళ్ళు. అవతలి గట్టు బేగంబీ కూడా, బొట్టుకు బదులు అరచేతికి పసుపు రాయించుకుని పుచ్చుకునేది. తడిబట్టతో తప్ప నీళ్ళ బిందె ముట్టని మనిషి అవ్వ. ఆమె ఇలా చేయడం చూసి, ఇది మా వంశం ఉదార బుద్ధికి గుర్తని, సంస్థానాల కాలం నుంచి వస్తున్న ఆచారమని నేనొక సావనీరులో వ్యాసం కూడా రాశాను. దాన్ని కొందరు మెచ్చుకున్నారు.

తాత ఆ రోజు చాయకు కూడా లోపలికి వచ్చేవాడు కాదు, ముందు అరుగు మీద కూర్చునేవాడు. మామూలుగా మాట పొదుపు మనిషి. శనివారం మాత్రం వాకిట్లోకి వచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని ఎద్దుల సంగతి, వాన సంగతి, పోయిన వారం చెప్పిందే మళ్ళీ చెప్పేవాడు. పట్వారి వచ్చినా పక్క ఊరి దొర వచ్చినా బండి వెళ్ళేదాకా వదిలేవాడు కాదు. చాయ లేక తాతకు తిక్క రేగిందని మేము నవ్వుకునేవాళ్ళం.

ఈ నోముతో నాకు ఇంకో లంకె ఉంది. నాకు ముందు పుట్టినవాళ్ళు మా అమ్మకు దక్కలేదు. మూతచేటల నోము పట్టాకే నేను పుట్టానని, దక్కానని ఆమె చచ్చిపోయేదాకా చెప్పింది. చిన్నప్పుడు చుట్టాలు వస్తే నన్ను చూపించి "నోముల పిల్లగాడు" అనేవాళ్ళు. నేను ఆ మాటకు వీపు నిటారు చేసుకుని నిలబడేవాణ్ణి.

ఖాళీ కాగితం జేబులో పెట్టుకుని నాగర్‌కర్నూలు బయల్దేరాను. మా నాయన చెల్లెలు రుక్కమ్మత్త అక్కడ కొడుకు ఇంట్లో ఉంటుంది. తొంభై దాటింది. చెవులు బాగా పనిచేస్తాయి, నోరు ఇంకా బాగా పనిచేస్తుంది. నన్ను చూడగానే మంచం మీద లేచి కూర్చుంది.

"ఏమిరా, ఇన్నొద్దులకు దోవ దొరికిందా? ఆ ఇస్త్రీ పంచె నలగకుండ ఎట్ల వస్తివి, బస్సుల నిలబడే వస్తివా?"

"కూసొనే వచ్చిన అత్తా."

"కూసొనే వస్తె కర్ర మింగినట్ల ఎందుకున్నవు? ఆ కుర్చి దగ్గరికి జరుపుకో."

సంగతి చెప్పాను. తాత ఏం చేశాడో ఒక ముక్క రాయాలి, అప్పుడు ఇంట్లో ఉన్నది నువ్వే కాబట్టి నువ్వే చెప్పాలి అన్నాను. అత్త పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది.

"మా నాయన ఏం చేసిండు! అమీను సాబుతోని చదరంగం ఆడిండు."

అమీను అంటే ఆ రోజుల్లో పోలీసు అధికారి. తాత, అమీను మా అరుగు మీద చదరంగం ఆడేవారని నాకు అంతకుముందు తెలియదు.

"అత్తా, ఆయన జైలుకు పోయిండు."

"పోయిండు. లేదంటినా? ఎందుకు పోయిండో నువ్వు చెప్పు, పంతులువు గద."

"కొట్లాడెటోళ్ళకు సాయం చేసిండని."

"సాయం చేసింది మా అమ్మ. ఏంది గట్ల చూస్తవు? రొట్టె కాల్చింది ఎవరు? గుడ్డ చింపింది ఎవరు? గుట్టల ఉన్నోళ్ళు నెలల తరబడి ఏం తిని బతికిండ్రనుకుంటివి, గాలా? దెబ్బ తగిలితె ఏం కట్టుకున్నరు?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. "నోము..." అన్నాను.

"ఆ నోము ఏ దేవుడు చెప్పిండురా! మా అమ్మ చెప్పింది. పొయ్యి ముంగట కూసోని, పిండి తట్టుకుంట, ఒక్కొక్క ముక్క కట్టింది. మొగోని నీడ పడొద్దంటె ఎవ్వడు లోపటికి రాడు. మాట్లాడొద్దంటె బండిల ఉన్నోళ్ళు నోరు జారరు. కండ్లు పోతయంటె ఎవ్వరు విప్పరు. అమీను అదబు, మర్యాద ఉన్న మనిషి, పరదా బండి కనపడితె గుర్రం దిగి మొకం అటు తిప్పుకుంటుండె. రజాకార్లకు అదబు లేదు గని, వాళ్ళు గూడ చేటలని చూసి, ఆడోళ్ళ పప్పుబెల్లాలు అనుకోని పొమ్మంటుండ్రి."

"బేగంబీ?"

"పుట్టి ఆమె మొగునిదే. ఆమె లేకుంటె ఒక్క చేట గూడ నది దాటకపోతుండె. విధవలు ఎందుకనుకుంటివి? వాళ్ళను యాడికి పోతున్నవని అడిగెటోడు లేడు, గందుకు. నువ్వేమో పుస్తకంల మా వంశం బుద్ధి గొప్పదని రాస్తివంట, మా వాడు చదివి చెప్పిండు. నవ్వి నవ్వి దగ్గు వచ్చె."

నా వ్యాసం గురించి ఇంకేమీ అనకుండా ఉంటే బాగుండునని అనుకున్నాను. అత్త వేరే సంగతి ఎత్తుకుంది. ఒకసారి అవ్వకు జ్వరం వస్తే తానే బండిలో పోయిందట, పెళ్ళి కాని పిల్ల అప్పుడు. "చేట ఒడిల పెట్టుకుంటె తొడలు నొచ్చె. రొట్టెల బరువు కాదు అది. లోపట ఏం పెట్టిండ్రో ఇప్పటికి తెల్వదు."

"విప్పి చూడలేదా?"

"ఎట్ల చూస్త? కండ్లు పోతయనిరి గద! నేను గూడ నిజం నోమే అనుకుంటి. నా పెండ్లయి, నాకు పిల్లలు పుట్టినంక చెప్పింది మా అమ్మ. ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది. ఇప్పుడు నీకు చెప్తున్న, ఏమైతదో ఏమో."

ఇంతవరకు నేను నిటారుగానే కూర్చున్నాను. "మరి తాత?" అని అడిగాను.

అత్త చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. మా ఇంటి ఆడవాళ్ళ చీరలు గద్వాలలో నేసేవాళ్ళు. నూలు చీర, పట్టు అంచు. ఆ అంచు మీద గోపురాల వరుస, దాని కింద రెండు ఎర్ర గీతలు. ఆ అంచు మా ఇంటికి తప్ప ఇంకెవరికీ నేయకూడదని నేతవాళ్ళతో మాట ఉండేది. అది మా పరువు. ఏ పెళ్ళిలోనైనా ఆ అంచు చూడగానే ఏ ఇంటి మనిషో తెలిసిపోవాలి. పేలికలు చించేటప్పుడు అంచు కోసేసి చించేవాళ్ళు. ఒకసారి తొందరలో ఒక పేలికకు అంచు ముక్క ఉండిపోయింది. "ఎవరి చెయ్యో తెల్వదు. నాదే కావచ్చు" అంది అత్త. అవతలి గుట్టల్లో పట్టుబడ్డ ఒకతని కాలికి ఆ కట్టు ఉంది. ఆ అంచు ఎవరిదో అమీనుకు అడగకుండానే తెలిసిపోయింది.

ఆ పొద్దున అమీను ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని, చదరంగం పరిచాక, ఆ పేలికను గళ్ళ మీద పెట్టాడట. ఇది ఎవరిది దొరా అని అడిగాడట. తలుపు వెనక అవ్వ, ఆమె చెంగు పట్టుకుని అత్త. తాత దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ గుడ్డ నాదే అన్నడు. రుమాలు తెమ్మన్నడు. తలకు చుట్టుకోని అమీను ఎంబడి పోయిండు. గంతే."

"తెలిసే అన్నడా అత్తా? అవ్వ చేస్తున్నదని ఆయనకు తెలుసా?"

"ఏమో!"

"తలుపు దిక్కు చూసిండా?"

"చూడలె. గదే నేను ఇన్నేండ్లు అనుకుంటున్న. చూస్తె, తెలుసు అందుము. చూడలె కాబట్టి తెల్వదందుమా? చూడకుండ ఉండాల్నని చూడలేదేమో. ఆయనే గద ఈ నోము గురించి అమీనుకు చెప్పింది, మా ఇంటిదానికి ఎంత భక్తి అని. నేనే విన్న. పిచ్చోడు గట్ల చెప్తడా, తెలివైనోడు గట్ల చెప్తడా?"

"జైలు నుంచి వచ్చినంక అవ్వ చెప్పలేదా?"

"దండలేసుకోని వచ్చినోని ముంగట, నువ్వు చేసింది కాదయ్య, నేను చేసిన అని ఏ ఆడది చెప్తదిరా? ఆయన అడగలె. ఈమె చెప్పలె. సచ్చేదాక ఒకే ఇంట్ల, ఒకే సంచిలకెళ్ళి వక్కలు నములుకుంట బతికిండ్రు."

నోము ఎందుకు ఆపలేదని అడిగాను. ఆపిందట. నిజాం రాజ్యం పోయిన వారమే చేటలు అటక ఎక్కించిందట. తరవాత మా అమ్మ కోడలుగా వచ్చింది, పిల్లలు పోయారు. నోమును ఉద్యాపన లేకుండా నడుమ ఆపితే దోషమని, అందుకే ఇట్లా అవుతున్నదని ఊళ్ళో ఎవరో మా అమ్మ చెవిన వేశారు. మా అమ్మ అవ్వ కాళ్ళ మీద పడి, ఆ నోము నాకియ్యి అత్తమ్మా అని ఏడ్చింది. "మా అమ్మ రెండొద్దులు అన్నం ముట్టలె. అది ఉత్తదే అని చెప్పాలంటె అంతా చెప్పాలె. మూడో పొద్దు అటక మీదికెళ్ళి చేటలు దించింది. ఎనకట లెక్కనే అన్ని నియమాలు చెప్పింది, ఒక్కటి తక్కువ చెయ్యలె. తర్వాత ఏడాదికి నువ్వు పుట్టితివి. ఇంక ఎవరు ఆపుతరు?"

లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు చాలా బలంగా ఉంది. "మా అమ్మ పేరు లేని రాయికి నేను ముసుగు తియ్య. చెప్పు పో ఆ సర్పంచుకు. నేను పోయేలోపు ఒక్కసారన్న ఆమె పేరు ఎండల కనపడాలె."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏమీ చూడలేదు. నాకు ముగ్గురు తాతలు కనిపిస్తున్నారు. ఒకాయనకు అన్నీ తెలుసు, భార్య గుట్టు కాపాడడానికే అమీనుతో ఆటలాడాడు, శనివారాలు అరుగు మీద కాపలా కూర్చున్నాడు, చివరికి ఆమె బదులు జైలుకు పోయాడు. ఇంకొకాయనకు ఏమీ తెలియదు. చాయ లేక అరుగు మీద విసుగ్గా కూర్చున్న పెద్దమనిషి, ఎవరో చేసిన పనికి జైలుకు పోయి, దేనికో తెలియని దండలు వేసుకుని, పక్కకు చూస్తూ ఫొటో దిగాడు. మూడో ఆయన నాకు బాగా అర్థమయ్యే మనిషి. తెలుసా తెలియదా అన్నది ఆయనకు ముఖ్యం కాదు. తన ఇంటి అంచు ఉన్న గుడ్డను ఒక అమీను చదరంగం మీద పెట్టి ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న గడప దాటి లోపలికి పోకూడదు. అందుకని నాదే అన్నాడు. నేనైనా అదే అనేవాణ్ణి. ఈ ముగ్గురిలో ఎవరు మా తాత? నిజాం పోయి, జైలు పోయి, అంతా చల్లబడ్డాక కూడా నా చిన్నతనంలో శనివారాలు వచ్చినవాళ్ళందరినీ ఆయన ఎందుకు ఆపేవాడు? అప్పుడు దాచాల్సింది ఏముంది? లేక ఆ రోజుల్లో ఆయనకు తెలిసినట్టు అవ్వకు తెలియకూడదని, పాత అలవాటును మార్చకుండా నడిపాడా? ఒకటి అనుకోగానే రెండోది దాన్ని కొట్టేస్తోంది.

అవ్వ విషయం ఇంకా అంతుపట్టలేదు. నాకు ఒకసారి విషజ్వరం వచ్చినప్పుడు ఆమె కుట్టిన చేటల ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏడ్వడం నేను మంచం మీంచి చూశాను. తాను పొయ్యి ముందు కల్పించిన నోముకే మొక్కిందా? కల్పించిన సంగతి అప్పటికి మరిచిపోయిందా? ఎన్నో ప్రాణాలను నది దాటించిన చేటలకు ఇంకో ప్రాణం నిలబెట్టే శక్తి ఉంటుందని అనుకుందా? ఆమె కూడా ఏ సంగతీ తేల్చుకోలేకపోయిందని ఒక్కోసారి నాకు అనిపిస్తుంది.

ఇంటికి వచ్చి సుజాతకు చెప్పాను. ఆమె ఇప్పటికీ ఆ నోము చేస్తుంది. బండి లేదు, నది లేదు. ఏడాదికి ఒక శ్రావణ శనివారం, కొత్తకోటలో రొట్టెలమ్మే దుకాణం నుంచి ఎండు రొట్టెలు తెప్పిస్తుంది. పేలికలకు బదులు పసుపు రిబ్బను ముక్కలు. చుట్టుపక్కల ఇళ్ళకు వాయనం ఇస్తే వాళ్ళు రొట్టెలు కొరికి చూసి నవ్వుతారు. మా వాడు ఆ రోజు కూడా వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్జు తెరుస్తాడు. అన్నీ సడలించినా అంచులు కుట్టడం మాత్రం ఆమె మానలేదు. నేను చెప్పిందంతా విని ముందు నవ్వింది, తరవాత అడిగింది.

"అవ్వ చేసింది గుట్టలల్ల ఉన్నోళ్ళకు చేరింది. మరి నేను ఇన్నేండ్లు చేసింది ఎవరికి చేరింది మామయ్యా?"

 ఆ ప్రశ్నతో నాకు ఒకటి మాత్రం కనిపించింది. నాకు తెలియని పనుల్ని మా ఇంటి ఆడవాళ్ళు నా కళ్ళ ముందే చేశారు. నేను వాటి వాసన పీల్చాను, వాటి కింద ఆడుకున్నాను, వాటి గురించి తప్పుగా వ్యాసం రాశాను. ఘోషా అంటే మా ఆడవాళ్ళను లోకం చూడకపోవడమని అనుకునేవాణ్ణి. ఇంట్లో ఉన్నవాళ్ళం కూడా చూడలేదని ఇప్పుడు తెలిసింది.

ఇక రాయి. మిగతావన్నీ పోయాక మాకు మిగిలిన ఆస్తి ఆ జైలు ఒక్కటే. దాన్ని కూడా నా చేత్తోనే వదులుకోవాలా? అవ్వ పేరు రాసి తాతది తీసేస్తే, ఒకవేళ ఆయన ఆ మొదటి తాతే అయితే, ఆయన తన జీవితంలో చేసిన పెద్ద పనిని నేనే చెరిపినవాణ్ణి అవుతాను. తాత పేరు ఉంచి అవ్వది రాయకపోతే అత్త రాదు, రానక్కర కూడా లేదు. ఇద్దరి పేర్లూ రాసి ఇద్దరూ కలిసి చేశారంటే అది అబద్ధమో నిజమో చెప్పగలవాళ్ళు లేరు. చరిత్ర పాఠం చెప్పేటప్పుడు పిల్లలతో నేను ఎప్పుడూ ఇంత తడబడలేదు.

శనివారం మల్లేశు మళ్ళీ వచ్చాడు. ఈసారి నేనే కుర్చీ వేశాను. ఆ ఉదయమే రాసిన కాగితం ఇచ్చాను. అతను చదివి, మళ్ళీ చదివి, నా మొహం చూశాడు.

"సార్, మీ అవ్వ పేరు పైన ఉంది."

"అవును."

"నాంచారమ్మ. గుట్టలల్ల ఉన్నవాళ్ళకు ఎండు రొట్టెలు, గాయాలకు గుడ్డలు నది దాటించినది. ఇది సమజైంది. దీని కింద పెద్దదొరది... ఆమె భర్త అని రాసిండ్రు. ఊళ్ళె ఏమన్న అంటరేమో?"

"అంటే నా దగ్గరికి పంపు."

"సరే సార్. గని ఆయన ఏం చేసిండంటె, 'ఆ గుడ్డ నాదే అని చెప్పి జైలుకు పోయినవాడు' అని ఉంది. గిదేంది? చదివినోళ్ళు పరేషాన్ అయితరు గద?"

"నేనూ గట్లనే ఉన్న మల్లేశు. అవ్వ చేసింది అత్త చూసింది. తాత అన్నది అత్త విన్నది. అంతవరకు రాసిన. ఎందుకన్నడో నాకు తెల్వదు. తెల్వనిది రాతి మీద చెక్కొద్దు."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ గోడ మీది ఫొటో వైపు చూశాడు. నేను అత్తకు ఫోను చేసి, రాసింది మొత్తం చదివి వినిపించాను.

"అత్తా, విన్నవా?"

"విన్న. ఒకటి తప్పుందిరా. గుడ్డ ఆయనది కాదు. మా అమ్మ చీర అది."

"అయితే మార్చమంటవా? ఇంకా చెక్కలేదు."

ఇంకో కాగితం దగ్గరికి లాక్కున్నాను.

"ఉండనీరా" అంది అత్త. "ఆయన నాదే అన్నప్పుడు తలుపెనక ఉన్న మా అమ్మ గూడ కాదనలె."